బోటు ట్రైలర్ చక్రం మాల్ అనే ఊరి దగ్గర పట్టేసింది. బేరింగుల సంగతి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

గండిపేట_గాలి
ఆదివారం, రాత్రి 10:52

నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ అందరి గొడవలూ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఆ మొదలు ఇలా అవుతుందనుకోలేదు.

మేం నలుగురు స్నేహితులం కలిసి కొనుక్కున్న 14 అడుగుల ఫైబర్ బోటు ఒకటుంది. 15 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ ఇంజను. ట్రైలర్ పాతది, ఒకే యాక్సిల్, ఎవరో లోకల్‌గా వెల్డింగ్ చేయించుకున్నది. చక్రాలకు ఆటో టైర్లు, 4.00-8. నిన్న అనుమతి కాగితాలు పట్టుకుని నాగార్జునసాగర్ వెళ్లాం. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. చేరగానే టీ కూడా తాగకుండా ట్రైలర్‌ను వెనక్కి తీసి నీళ్లలోకి దింపి బోటు వదిలాం. సాయంత్రం అలాగే ఎక్కించుకున్నాం.

తిరుగు ప్రయాణంలో చింతపల్లి దాటాక వెనక నుంచి ఒక మూలుగు మొదలైంది. కిటికీ దించితే వినపడుతోంది, ఎక్కిస్తే పాటల్లో కలిసిపోతోంది. రోడ్డు గరుకు కాబోలు అనుకున్నాం. మాల్ ఇంకా రెండు కిలోమీటర్లుందనగా వెనకొచ్చే బండాయన లైట్లు కొట్టి, చెయ్యి ఊపి ఆపించాడు. దిగి చూస్తే కుడి చక్రం పైభాగం లోపలికి వాలిపోయి ఉంది. హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే దిమ్మ) నుంచి సన్నగా పొగ. ముందుండే రేకు మూత ఎక్కడో ఎగిరిపోయింది. రిమ్ము లోపలివైపంతా నల్లగా గ్రీసు చిమ్మి ఉంది. నేను ముందూ వెనకా చూడకుండా సీసాలో నీళ్లు పోశాను, పెనం మీద పోసినట్టు బుస్సుమంది.

డీసీఎం మాట్లాడుకుని ట్రైలర్‌తో సహా ఇంటికి చేర్చాం. ఆ ఖర్చు నలుగురం పంచుకున్నాం, తిట్లు మాత్రం నా ఒక్కడికే వచ్చాయి. ఎందుకంటే గ్రీసు బాధ్యత నాది.

నాకు అర్థం కానిదల్లా ఇది. బయలుదేరే ముందు రోజే హబ్ నిపుల్‌కు (గ్రీసు ఎక్కించే చిన్న మొనకు) గ్రీసు గన్ పెట్టి బాగా గ్రీసు కొట్టాను. రెండు వైపులా చెరో పదిహేను సార్లు. మరి ఎందుకు పోయింది?


పానా_పదహారు
ఆదివారం, రాత్రి 11:20

చాలలేదన్నమాట. మా ఊళ్లో ట్రాక్టర్ ట్రాలీకి నెలకోసారి బయటికి వచ్చేదాకా కొడతాం. ఇరవై ఏళ్లయింది, ఏమీ కాలేదు. నువ్వు పదిహేను కొట్టావు, ముప్పై కొట్టాల్సింది. అంతే.


హబ్బు_బాబాయ్
సోమవారం, ఉదయం 6:15

పానా గారూ, ట్రాలీ చెరువులో మునగదు కదండీ.

గాలి బాబూ, నేను ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల హబ్బులు విప్పినవాణ్ణి. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని కొడుకు విప్పేవి చూస్తున్నాను. నీకు ముందు మూడు ప్రశ్నలు. గన్‌తో కొట్టిన గ్రీసు ఎక్కడికి పోయిందో చూశావా? మూత వైపు నుంచి వచ్చిందా, వెనక సీల్ (గ్రీసు కారకుండా ఆపే రబ్బరు రింగు) వైపు నుంచి వచ్చిందా? బాగున్న ఎడమ చక్రాన్ని విప్పావా? ఇప్పుడు నీ జబ్బు సంగతి చెప్పేది చచ్చిన హబ్ కాదు, బతికున్న హబ్. కాలిపోయినదాంట్లో సాక్ష్యం ఏమీ మిగలదు.

ఎడమది జాకీ ఎక్కించి, మూత తీసి, స్ప్లిట్ పిన్ను పీకి, నట్టు విప్పి, హబ్బును నీ వైపుకి లాక్కో. బయటి బేరింగు నీ అరచేతిలో పడుతుంది, కింద పడనివ్వకు. తుడవకు. గ్రీసు ఏ రంగులో ఉందో అలాగే ఫొటో తీసి పెట్టు.

ఇంకోటి. మాడిన హబ్ మీద ఇంకెప్పుడూ నీళ్లు పోయకు. వేడి ఇనుము ఉన్నట్టుండి చల్లబడితే పగుళ్లు వస్తాయి. పొగ కనిపిస్తే బండి ఆపి దూరంగా నిలబడి ఆరనివ్వడమే.


తెరచాప_తాత
సోమవారం, ఉదయం 8:40

హుస్సేన్ సాగర్ ఒడ్డున చాలా ఏళ్లు పిల్లల పడవలు ఎత్తి దింపినవాణ్ణి కాబట్టి ఒక మాట. మీ కథలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించిన వాక్యం ‘టీ కూడా తాగకుండా’ అన్నది.

నూట యాభై కిలోమీటర్లు తిరిగిన హబ్ చెయ్యి పెట్టలేనంత కాకపోయినా బాగానే వేడెక్కి ఉంటుంది. అందులో గ్రీసు నిండగా మిగిలిన చోట గాలి ఉంటుంది. 70 డిగ్రీల గాలిని ఒక్కసారిగా 27 డిగ్రీల నీళ్లలో ముంచితే అది దాదాపు ఎనిమిదో వంతు ముడుచుకుంటుంది. ఆ ఖాళీ నిండాలి కదా, సీల్ పెదవి సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. సీల్ చేసిందే గ్రీసు బయటికి పోకుండా ఆపడానికి. బయటి నుంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంటే ఆపే బలం దానికి తక్కువ. అందుకే పడవలవాళ్లు చేరగానే ముందు తాళ్లు విప్పుకుంటారు, సామాను సర్దుకుంటారు, టీ తాగుతారు. అరగంట తర్వాత హబ్ మీద చెయ్యి పెట్టి చూసి అప్పుడు దింపుతారు. మా టీ బద్ధకం కాదండీ, ఇంజనీరింగ్.

అసలు మా డింగీలకైతే, అంటే చిన్న తెరచాప పడవలకైతే, ఈ బాధే లేదు. జూలైలో సెయిలింగ్ వీక్ పోటీల రోజుల్లో ఎప్పుడైనా వచ్చి చూడండి. రోడ్డు ట్రైలర్ ఒడ్డునే పొడిగా ఉంటుంది. దాని మీద ఉన్న చిన్న ట్రాలీ పడవతో సహా కిందికి జారి నీళ్లలోకి పోతుంది. ఆ ట్రాలీ చక్రాలకు బేరింగులే ఉండవు, నైలాన్ బుష్షులు (ఇరుసు తిరిగే నున్నటి గొట్టం ముక్కలు). తుప్పు పట్టడానికి ఏమీ లేదు. 14 అడుగుల బోటు బరువుకు అలాంటిది కష్టమే అనుకోండి, ఒప్పుకుంటాను.


గండిపేట_గాలి
సోమవారం, రాత్రి 9:30

బాబాయ్, మీరు చెప్పినట్టే ఎడమది విప్పాను. ఫొటోలు పెట్టాను చూడండి. తెరచాప తాతగారూ, మీరు చెప్పింది చదివి మా నలుగురి గ్రూపులో పెట్టాను, ఇప్పుడు టీ మా రూల్ బుక్కులో మొదటి రూలు.

చూసింది చూసినట్టు రాస్తాను. మూత తీయగానే ముందు భాగంలో గ్రీసు శుభ్రంగా, ఎర్రగా, నిన్నమొన్న కొట్టినట్టే ఉంది. సంతోషించాను. బయటి బేరింగు తీసి వెనక్కి చూస్తే లోపలి గ్రీసు పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంది. వేలితో తీస్తే మీగడలా జారుతోంది. లోపలి బేరింగు దగ్గర అది కూడా లేదు, బూడిద రంగు బురద. వెనక సీల్ సగం చోటు తప్పి బయటికి ఉబ్బి ఉంది. సీల్ అంచు మీద మళ్లీ కొత్త ఎర్ర గ్రీసు.

లోపలి బేరింగు కప్పును (హబ్‌లో బిగిసి ఉండే, రోలర్లు దొర్లే బయటి రింగును) గుడ్డతో తుడిస్తే ఒకవైపు గోధుమ రంగు గీతలు, నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు సమాన దూరంలో. మిగతా కప్పంతా మెరుస్తోంది. గోరు పెట్టి లాగితే ఆ గీతల దగ్గర తగులుతోంది.


హబ్బు_బాబాయ్
మంగళవారం, ఉదయం 5:50

ఇదీ సాక్ష్యం అంటే. ఇప్పుడు చెబుతాను.

నువ్వు కొట్టిన గ్రీసు పాత గ్రీసును తోసి కొత్తది నింపలేదు. నీ హబ్ నిపుల్ రెండు బేరింగుల మధ్య ఖాళీలోకి తెరుచుకుంటుంది. అక్కడ పడిన గ్రీసు ఏ దారి సులువైతే ఆ దారిన పోతుంది. కొంత ముందుకు పోయి మూతలో చేరింది, కొంత వెనక సీల్‌ను తన్నేసి బయటపడింది. రోలర్ల మధ్యలోకి మాత్రం వెళ్లలేదు, అక్కడ పాత బురదే ఉంది. పదిహేను సార్లు కొట్టడం వల్ల సీల్ చోటు తప్పింది. తప్పిన సీల్‌తో సాగర్ నీళ్లలో దిగావు. పానా గారి లెక్కన ముప్పై కొట్టి ఉంటే ఇబ్రహీంపట్నంలోనే డీసీఎం ఎక్కేవాడివి.

కానీ ఆ గోధుమ గీతలు నిన్నటివి కావు. అవి ఒక్క పూటలో పడవు. నీళ్లు లోపల చేరాక చక్రం కదలకుండా రోజుల తరబడి నిలబడితే, ఒక్కో రోలర్ కప్పును తాకిన చోట ఒక్కో తుప్పు గీత పడుతుంది. గీతల మధ్య దూరం కొలిచి చూడు, రోలర్ల మధ్య దూరమే వస్తుంది. తర్వాత బండి నడిచినప్పుడు రోలర్లు ఆ గీతల మీద దడదడ కొట్టుకుంటూ పోతాయి, కొన్నాళ్లకు అక్కడ ఇనుము పెచ్చులూడుతుంది. నువ్వు విన్న మూలుగు అదే. కుడివైపు కూడా ఇదే జరిగింది, అది ముందు తెగింది. అంతే తేడా.

నిజం చెప్పు. ఆ ట్రైలర్ ఎక్కడ పెడతావు?


గండిపేట_గాలి
మంగళవారం, ఉదయం 9:05

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బాబాయ్.

మీరు అడిగాక గుర్తొచ్చింది. పోయిన వానాకాలం ఒక రాత్రి ర్యాంపు మీంచి నీళ్లు వచ్చి సెల్లార్‌లో మోకాలి లోతు నిలిచాయి. మోటారు పెట్టి తోడేసరికి మర్నాడు సాయంత్రం అయింది. కార్లన్నీ షోరూముకు పంపారు. ట్రైలర్ గురించి నాకు తట్టనే లేదు. పడవ బండే కదా, నీళ్లంటే దానికేంటి అనుకున్నాను. ఆ తర్వాత ఐదు నెలలు కదల్లేదు.


మూసీ_పక్కన
మంగళవారం, ఉదయం 10:30

2020 అక్టోబరు వరదలో మా వీధి మునిగినప్పుడు నా పాత కారుకు ఇదే అయింది. ఇంజను ఆయిలు, గేర్ బాక్సు ఆయిలు మార్పించి బాగైపోయిందనుకున్నాను. మూడు నెలలకు వెనక చక్రాలు రెండూ విమానం మోత. అప్పట్నుంచి హబ్ మునిగిందంటే విప్పాల్సిందే అని పెట్టుకున్నాను. బోటు ట్రైలర్‌కు మాత్రం నాకూ తట్టేది కాదేమో లెండి.


లేత్_బాలానగర్
మంగళవారం, మధ్యాహ్నం 1:15

కుడి స్పిండిల్ (హబ్ తిరిగే ఇరుసు కొన) ఫొటో కూడా పెట్టండి అన్నా. బేరింగు లోపలి రింగు, అంటే రేస్, దానికే అతుక్కుని ఉండి ఉంటుంది. దాన్ని పుల్లర్‌తో లాగాలని కుస్తీ పట్టొద్దు. గ్రైండర్‌తో రేస్ మీద ఏటవాలుగా ఒక గాడి పెట్టండి, ముప్పాతిక లోతుదాకా మాత్రమే. ఆ గాడిలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే టప్పుమని పగిలి వదులవుతుంది. బేరింగు ఇనుము గట్టిది, గాజులా పగులుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు, మా షాపులో ఒకాయన కనురెప్ప మీద నాలుగు కుట్లు పడ్డాయి.

కప్పుల సంగతి. హబ్ లోపల కప్పు వెనక రెండు గాళ్లు ఉంటే ఇత్తడి రాడ్డు పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు మార్చి మార్చి కొట్టండి, వచ్చేస్తుంది. లోకల్ హబ్బులకు చాలావాటికి ఆ గాళ్లు ఉండవు, రాడ్డు ఆనించడానికి అంచే దొరకదు. అప్పుడు నా దగ్గరికి తెస్తే నేను చేసేది కప్పు లోపలి ముఖం మీద చుట్టూ ఒక వెల్డింగ్ గీత లాగడం. అది చల్లారుతూ కప్పును లోపలికి ముడిచేస్తుంది. హబ్బును తిరగేస్తే కప్పు దానంతటదే టింగుమని బల్ల మీద పడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు మ్యాజిక్ అనుకుంటారు. ఎలాగూ పారేసే కప్పే కాబట్టి నష్టం లేదు.


గండిపేట_గాలి
మంగళవారం, రాత్రి 8:20

ఫొటో పెట్టాను. బేరింగు కూర్చునే చోట స్పిండిల్ నీలంగా మారింది. చుట్టూ ఒక గాడి కూడా పడింది, గోరు దిగుతోంది. దీన్ని వెల్డింగ్‌తో నింపి లేత్ మీద తిప్పించేస్తే సరిపోతుందని మా వాచ్‌మన్ తమ్ముడు అంటున్నాడు. సగం ఖర్చులో అయిపోతుందట.


లేత్_బాలానగర్
మంగళవారం, రాత్రి 9:45

నా పొట్ట కొట్టుకునే మాటే అయినా చెబుతాను, వద్దు. నీలం రంగు వచ్చిందంటే ఇనుముకు కొలిమి వేడి తగిలిందని అర్థం. దాని మీద మళ్లీ వెల్డింగ్ పోస్తే కొలత దొరుకుతుంది, బలం దొరకదు. విరిగితే వెల్డింగ్ అంచు దగ్గరే విరుగుతుంది, అదీ నడిరోడ్డు మీద. కొత్త స్టబ్ యాక్సిల్ (స్పిండిల్ ఉండే పొట్టి ఇరుసు ముక్క) వేయించుకోండి. చదరపు పైపులోంచి పాతది కోసి కొత్తది పెట్టేటప్పుడు రెండు వైపులూ ఒకే వరసలో ఉన్నాయా లేదా చూడమనండి. ఒకటి వంకరైతే టైరు ఒక పక్కే అరుగుతుంది.

కొత్తదానికి కొలత ఎలా ఉండాలంటే, లోపలి రేస్ చేత్తో నెడితే జారాలి, కానీ గలగలా ఆడకూడదు. సుత్తి పెట్టి కొట్టాల్సి వస్తే బిగుతు ఎక్కువ. మన హబ్బులో తిరిగేది బయటి కప్పు కాబట్టి బిగుతు కప్పుకే కావాలి. స్పిండిల్ మీద రేస్ జారితేనే నట్టుతో సర్దుకోవడం కుదురుతుంది.


పానా_పదహారు
బుధవారం, ఉదయం 7:10

సరే, సీల్ సంగతి ఒప్పుకున్నా. నేను మా ట్రాలీ సీళ్లు వెళ్లి చూశా, రెండూ లేవు. ఎప్పుడు పోయాయో తెలియదు. నవ్వకండి.

కానీ గ్రీసు విషయంలో మీరంతా గొప్పలు పోతున్నారు. గ్రీసంటే గ్రీసే. ఎరుపో నీలమో, ఏ డబ్బా అయితేనేం?


విశాఖ_అల
బుధవారం, ఉదయం 11:00

రంగుకు ఏ అర్థమూ లేదు, అది కంపెనీ కలిపే రంగు మాత్రమే. అక్కడిదాకా మీరు చెప్పింది నిజం. లోపల ఏ సబ్బుతో చిక్కబరిచారన్నదే అసలు సంగతి. షాపులో ఏపీ3 అని అడిగితే ఇచ్చేది మామూలు లిథియం గ్రీసు. లారీకి, కారుకు బాగానే పనిచేస్తుంది. పాతకాలపు కాల్షియం గ్రీసు నీళ్లకు లొంగదు కానీ వేడికి లొంగిపోతుంది, వంద డిగ్రీల లోపే కారిపోతుంది, కాబట్టి చక్రాలకు వద్దు. మాకిక్కడ ఉప్పు నీళ్లు కాబట్టి నేను కాల్షియం సల్ఫొనేట్ వాడతాను. పేరులో కాల్షియం ఉన్నా అది వేరే జాతి, నీళ్లకూ వేడికీ రెండింటికీ నిలబడుతుంది. ధర ఎక్కువ. అది దొరక్కపోతే లిథియం కాంప్లెక్స్, చిక్కదనంలో 2వ నంబరు.

అసలు ప్రమాదం కలపడంలో ఉంది. ఒకదాని మీద ఇంకోటి వేస్తే కొన్ని జతలు కలిసి నూనెలా పలచబడి కారిపోతాయి. ముఖ్యంగా పాలీయూరియా, బెంటోనైట్ మట్టి గ్రీసులు లిథియంతో పడవు. పాత డబ్బా ఏదో తెలియకపోతే పూర్తిగా కడిగి మొదటి నుంచి నింపడమే దారి.

భీమిలిలో నా ట్రైలర్‌కు స్ప్రింగు ఉన్న బేరింగ్ ప్రొటెక్టర్ మూతలు పెట్టాను. లోపలి గ్రీసును స్ప్రింగు ఎప్పుడూ కొద్దిగా ఒత్తుతూ ఉంటుంది, హబ్ చల్లబడినప్పుడు నీళ్ల బదులు గ్రీసే ఆ ఖాళీలోకి జరుగుతుంది. తాతగారు చెప్పిన పీల్చుడుకు అది విరుగుడు. అయితే వాటికీ హద్దు ఉంది. మూతలోని పిస్టన్ బయటికి వచ్చాక ఇంకా గ్రీసు కొడితే వెనక సీల్ లేచిపోతుంది, గాలి గారికి జరిగినట్టే. మూత పెట్టాం కదా అని ఏడాదికోసారి విప్పడం మానేసినవాళ్లను ఇక్కడ బోలెడు మందిని చూశాను. ముందు బేరింగు మెరుస్తూ ఉంటుంది, వెనకది తుప్పు ముద్ద.

ఉప్పు నీళ్లైతే ఒడ్డుకు రాగానే మంచినీళ్లతో కడగాలి. సన్నటి ధార చాలు. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ను సీల్ మీద పెట్టారంటే మీరే నీళ్లు లోపలికి ఎక్కిస్తున్నట్టు.


కోట్‌పల్లి_కయాక్
బుధవారం, మధ్యాహ్నం 3:40

మధ్యలో చిన్న ప్రశ్న. మా కయాక్ తోపుడు బండి చక్రాలకు ప్లాస్టిక్ బుష్షే ఉంది, కిర్రుమంటోంది. దానికీ గ్రీసు పెట్టాలా?


తెరచాప_తాత
బుధవారం, సాయంత్రం 5:15

వద్దు. గ్రీసు పెడితే ఇసుక అంటుకుని గరుకు కాగితంలా అరగదీస్తుంది. కడిగి ఆరబెట్టి వదిలేయండి. కిర్రుమంటే అననివ్వండి.


గండిపేట_గాలి
శుక్రవారం, రాత్రి 10:10

రాణిగంజ్ వెళ్లొచ్చాను. పాత బేరింగు మీద అంకెలు తుడిస్తే కనిపించాయి. బయటిది 30205, లోపలిది 30206. ఒక షాపులో ఒకే నంబరు మూడు ధరలు చెప్పారు. అన్నిటికన్నా తక్కువది చూస్తే డబ్బా మీద అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, బేరింగు మీద నంబరు చేత్తో చెక్కినట్టు వంకర. పక్క షాపులో బిల్లు ఇస్తామన్నవాళ్ల దగ్గర తీసుకున్నాను.

మా గ్రూపులో ఒకడు అడుగుతున్నాడు, ఇంత చిన్న బోటుకు ఇంకా పెద్ద బేరింగు వేయించుకుంటే మళ్లీ ఈ బాధ రాదు కదా అని.


హబ్బు_బాబాయ్
శనివారం, ఉదయం 6:00

మీ స్నేహితుడికి చెప్పు, బరువుకు పోలేదు, నీళ్లకు పోయింది. 30205 అంటే చివరి రెండంకెలను ఐదుతో గుణించు, 25. స్పిండిల్ మీద 25 మిల్లీమీటర్ల లావున కూర్చుంటుంది. 06 అంటే 30. నీ బోటు, ఇంజను, ట్రైలర్ అన్నీ కలిపి ఐదారు వందల కిలోలు, చక్రానికి మూడు వందలు. ఆ సైజు టేపర్ రోలర్లకు అది లెక్కే కాదు. ఏనుగుకు వేసే బేరింగు వేసినా బురదలో తిప్పితే పోతుంది.

ఇంకో మాట. ఆటో టైరు చిన్నది. పైనుంచి కిందికి 42 సెంటీమీటర్లు అనుకో, గంటకు 60లో పోతుంటే నిమిషానికి 750 చుట్లకు పైగా తిరుగుతుంది. కారు చక్రం 530 తిరిగితే చాలు. ట్రైలర్ నిమ్మళంగా వెనక వస్తోందనుకుంటాం కానీ అది మనకంటే ఎక్కువ పరిగెడుతోంది. టైరులో గాలి తక్కువుంటే ఇంకా వేడి. అరవై దాటకు.

ఇక బిగించడం. తొందర లేకుండా చదువు.

కప్పులు హబ్‌లోకి దించే ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టు. ఇంట్లో అడిగి పెట్టు, నేను అడక్కుండా పెట్టి పడ్డాను. చల్లబడి కాస్త చిక్కుతాయి, పొద్దున హబ్ మీద పెట్టి పాత కప్పును వాటి మీద బోర్లించి తట్టితే తిన్నగా దిగుతాయి. దిగేటప్పుడు చప్పుడు డబ్ డబ్ అని ఉంటుంది. అడుగు తగలగానే టంగ్ అని మారుతుంది. ఆ చప్పుడు వచ్చేదాకా ఆపకు. కప్పు ఒక కాగితం మందం పైకి ఉండిపోయినా నువ్వు నట్టుతో ఎంత సర్దినా రెండో రోజుకు వదులవుతుంది.

కొత్త బేరింగుకు పూసి వచ్చే నూనె తుప్పు పట్టకుండా పూసింది, తుడిస్తే చాలు. పాతవి కడిగి వాడేట్టయితే డీజిల్‌లోనో కిరోసిన్‌లోనో కడిగి గుడ్డతో ఆరబెట్టు. కంప్రెషర్ గాలి పెట్టి బొంగరంలా తిప్పే పిల్లలుంటారు, వాళ్ల చెవి మెలెయ్యి. నూనె చుక్క లేకుండా అంత వేగంగా తిరిగితే రోలర్లు గీసుకుపోతాయి, కేజ్ (రోలర్లను పట్టి ఉంచే రేకు చట్రం) తెగితే ముఖం మీదికి ఎగురుతాయి.

గ్రీసు నింపడం అరచేత్తోనే. ఎడమ అరచేతిలో గారెపిండి అంత గ్రీసు పెట్టుకో. బేరింగును కుడిచేత్తో పట్టుకుని వెడల్పు వైపు కింద ఉండేట్టు ఆ ముద్ద అంచు మీద నొక్కి నొక్కి లాగు. రేస్‌కూ కేజ్‌కూ మధ్య సందులోకి గ్రీసు దూరుతుంది. ఊరికే పైన పూసి సరిపెట్టకు. పైన సన్నవైపు రోలర్ల మధ్య నుంచి గ్రీసు పురుగుల్లా బయటికి రావాలి. వచ్చాక కొంచెం తిప్పి పక్క రోలర్లకు. చుట్టూ ఒక రౌండు అయ్యేసరికి నీ చెయ్యి నొప్పి పుడుతుంది, అప్పుడు సరిగ్గా అయినట్టు. హబ్ మధ్య ఖాళీలో సగం నింపు. లారీకి నేను మూడో వంతే పెడతాను, నీది నీళ్లలో దిగేది కాబట్టి సగం. విశాఖ వాళ్ల మూతలు పెట్టించుకుంటే పూర్తిగా నింపాలి, అది వేరే పద్ధతి.

సీల్ కొత్తదే వెయ్యి, రెండు పెదవులది అడుగు. స్ప్రింగు ఉన్న వైపు హబ్ లోపలికి చూడాలి. చెక్క ముక్క పెట్టి చుట్టూ సమానంగా తట్టు. పెదవికి కొంచెం గ్రీసు రాయి, పొడిగా ఎక్కిస్తే మొదటి కిలోమీటరులోనే మాడుతుంది. సీల్ ఆనే చోట స్పిండిల్ నున్నగా ఉండాలి. గరుకుంటే సన్న ఎమరీ పట్టు.

నట్టు. చక్రం తిప్పుతూ పానాతో గట్టిగా బిగించు, రోలర్లు తమ చోట్లో కూర్చుంటాయి. తర్వాత పూర్తిగా వదులు చెయ్యి, చక్రం కదలకుండా. మళ్లీ వేళ్లతో మాత్రమే బిగించు, పానా ముట్టుకోకు. స్ప్లిట్ పిన్ను బెజ్జం కలవకపోతే నట్టును వెనక్కి తిప్పి దగ్గరి సందులో కలుపు, ముందుకు ఎప్పుడూ వద్దు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే ఉందా లేదా అన్నంత ప్లే ఉండాలి, మిల్లీమీటరులో పదో వంతు అనుకో. మన కుర్రాళ్లు అది చూసి వదులుగా ఉందని ఇంకో సందు బిగిస్తారు. హబ్ వేడెక్కినప్పుడు పెరగడానికి చోటు లేక టేపర్ బేరింగు తనను తానే నొక్కుకుని చస్తుంది. నా దగ్గరికి మాడి వచ్చిన హబ్బుల్లో సగం ఇలా ప్రేమ ఎక్కువై పోయినవే.


పానా_పదహారు
శనివారం, ఉదయం 8:30

ఇది ప్రింటు తీసి ట్రాలీ షెడ్డులో అంటించాను బాబాయ్.


మూసీ_పక్కన
శనివారం, ఉదయం 9:20

దారిలో పోతే ఏం చేయాలో కూడా చెప్పండి. డీసీఎం ప్రతిసారీ దొరకదు.


విశాఖ_అల
శనివారం, ఉదయం 11:45

నేను ఒక హబ్బును కప్పులు, బేరింగులు, సీల్, గ్రీసు అన్నీ వేసి సిద్ధంగా పెట్టుకుని ప్లాస్టిక్ కవరులో చుట్టి బోటులోనే మోస్తాను. కూడా ఒక నట్టు, నాలుగు స్ప్లిట్ పిన్నులు, పానా, జాకీ కింద పెట్టడానికి చెక్క. రోడ్డు పక్కన కప్పులు కొట్టే పని ఉండదు, పాతది లాగి కొత్తది తోయడమే. అరగంట పని. స్పిండిల్ పోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు, అందుకే మూలుగు వినగానే ఆగాలి.

మొదటి ఇరవై కిలోమీటర్లకు ఒకసారి, తర్వాత టీ కోసం ఆగినప్పుడల్లా రెండు హబ్బుల మీద చెయ్యి పెట్టండి. రెండూ ఒకేలా ఉంటే బాగున్నట్టు. ఒకటి వెచ్చగా, ఒకటి ఐదు లెక్కపెట్టేలోపు చెయ్యి తీసేసేంత వేడిగా ఉంటే ఇక ముందుకు పోవద్దు.


గండిపేట_గాలి
తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 2:30

అయింది. కొత్త స్టబ్ యాక్సిల్ కుడివైపు, రెండు వైపులా కొత్త బేరింగులు, సీళ్లు. వెల్డింగ్ గీత మ్యాజిక్ కళ్లారా చూశాను, టింగుమనే చప్పుడు ఫోన్లో రికార్డు చేశాను కూడా. కప్పులు ఫ్రీజర్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాను, మా ఆవిడ చూసింది, బాబాయ్ పేరు చెప్పాను.

ఇవాళ పొద్దున ఖాళీ ట్రైలర్‌తో ఇబ్రహీంపట్నం వెళ్లి వచ్చాం, నీళ్లలో దింపలేదు. కిటికీలు దించి, పాటలు ఆపి. ఏ మూలుగూ లేదు. దిగగానే టెంపరేచర్ గన్‌తో చూస్తే ఎడమ హబ్ 41, కుడి హబ్ 43. రెండు డిగ్రీల తేడా ఉంది, టెన్షన్‌గా ఉంది. అన్నట్టు ట్రైలర్ ఇప్పుడు సెల్లార్‌లో లేదు, పైన గేటు పక్కన పెట్టుకోనిమ్మని అసోసియేషన్‌ను బతిమాలాను. నెలకోసారి జాకీ ఎక్కించి చక్రాలు తిప్పుతాను.


హబ్బు_బాబాయ్
ఆదివారం, సాయంత్రం 4:00

కుడివైపు కొత్త సీల్, కొత్త స్పిండిల్. పెదవి ఇంకా కూర్చోలేదు. రెండు డిగ్రీలు ఏమీ కాదు, పది ఉంటే ఫోన్ చెయ్యి. ఎండ ఏ వైపు పడిందో కూడా చూసుకో.

కొత్త కప్పులు మొదటి పరుగులో కొంచెం సర్దుకుంటాయి. హబ్ చల్లారాక మళ్లీ జాకీ వేసి ప్లే చూడు.


గండిపేట_గాలి
ఆదివారం, సాయంత్రం 6:45

చూశాను బాబాయ్. ఎడమది అలాగే ఉంది. కుడిది కొంచెం ఎక్కువ ఆడింది, మళ్లీ మొదటి నుంచి గట్టిగా బిగించి, వదులు చేసి, వేళ్లతో బిగిస్తే ఇంకో సందులో కలిసింది. ఇప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయి.


హబ్బు_బాబాయ్
ఆదివారం, రాత్రి 7:10

విప్పిన స్ప్లిట్ పిన్నునే తిన్నగా చేసి మళ్లీ పెట్టలేదు కదా?


గండిపేట_గాలి
ఆదివారం, రాత్రి 7:12

లేదు బాబాయ్. డబ్బా కొన్నాను.